పాత సీలు తెచ్చి చూపించు

ఎదెల్మీరాని దొంగ అన్న రోజున వర్క్‌షాపులో పదహారు చేతులు లేచాయి. అందులో ఒకటి మా మావయ్యది.

అది 1994 నాటి సంగతి. బయామో ఊరి చివర, ప్రభుత్వ బస్సులూ ట్రక్కులూ బాగుచేసే షెడ్డులో ఆమె పందొమ్మిదేళ్ళు స్టోరు చూసింది. ఒకరోజు పొద్దున బేరింగుల పెట్టెలు రెండు కనిపించలేదు. స్టోరుకి రెండు తాళంచెవులు. ఒకటి ఆమె దగ్గర, ఒకటి మేనేజరు దగ్గర. రెండో తాళంచెవి మాట ఎవరూ ఎత్తలేదు. మధ్యాహ్నం మేనేజరు అందర్నీ షెడ్డులో కూర్చోబెట్టి ఒక కాగితం చదివాడు. ఈమె మీద నమ్మకం పోయిందని ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తండి అన్నాడు. అవి కరువు రోజులు. ఉద్యోగం పోతే షెడ్డులో పెట్టే ఆ గుప్పెడు అన్నం, నల్ల చిక్కుడుగింజల పులుసు కూడా పోతాయి. అందరూ ఎత్తారు. ఆమె ఎవరి ముఖమూ చూడకుండా, చెవి మీది పెన్సిలు తీసి స్టోరు పుస్తకం మీద పెట్టి, బయటికి నడిచి వెళ్ళిపోయిందట.

మూడేళ్ళకి ఆ పెట్టెలు ఏ దారిన పోయాయో తెలిసింది. అప్పటికి మేనేజరు వేరే ఊళ్ళో ఇంకా పెద్ద మేనేజరు. చేతులెత్తించడానికి పది నిమిషాల్లో మీటింగు పెట్టగలిగినవాళ్ళకి, పొరపాటైందని చెప్పడానికి ఇరవై రెండేళ్ళలో ఒక్క మధ్యాహ్నం దొరకలేదు.

ఇదంతా నాకు చెప్పింది ఉబాల్దో మావయ్యే. ఒకే ఒక్కసారి, రమ్ము తాగి చెప్పాడు. ఆ పైన ఆ పేరు మా ఇంట్లో వినబడలేదు, 2016లో మా బండి వెనక యాక్సిల్ నూనె కారడం మొదలుపెట్టేదాకా.

మా బండి 1951 నాటి అమెరికా ట్రక్కు. మావయ్య దాన్ని మొండిది అని పిలుస్తాడు. ఇంజను ఎప్పుడో రష్యాది పెట్టారు, స్టీరింగు ఎక్కడిదో ఎవరికీ తెలియదు. వెనక యాక్సిల్ మాత్రం పుట్టినప్పటిదే. వెనక రేకుల గూడు కట్టి, బల్లలు వేసి, గీసా కొండల నుంచి బయామోకి జనాన్ని తెస్తాం. మావయ్య నడుపుతాడు, నేను టిక్కెట్లు చూస్తాను, పాడైతే ఇద్దరం కింద పడుకుంటాం. అమ్మ, మావయ్య, నేను, ముగ్గురం తినేది ఆ బండి మీదే.

మొదట ఎడమ వెనక టైరు లోపలి వైపు తడి గీతలు కనిపించాయి. సీలు మార్చాను. హబ్బు లోపల, తిరిగే చక్రానికీ తిరగని గొట్టానికీ మధ్య కూర్చుని గేరాయిలుని బయటికి రాకుండా ఆపే ఉంగరం లాంటిది అది. వారానికే మళ్ళీ కారింది. పాత జీను తోలు కోసి, కొవ్వులో ఉడకబెట్టి ఇంకోటి చేశాను. అదీ వారమే. నూనె బ్రేకు డ్రమ్ములోకి దిగి, చక్రాన్ని పట్టి ఆపే లైనర్లు తడిసిపోయాయి.

ఒక సోమవారం గీసా దిగుడులో, నలభై మంది ఎక్కి ఉండగా మావయ్య బ్రేకు తొక్కాడు. ఎడమ వెనక చక్రం పట్టలేదు. బండి కుడివైపు లాగేసింది. మావయ్య దాన్ని కొండవైపు మట్టిగట్టుకి రాసి రాసి ఆపాడు. దుమ్ము తగ్గాక వెనక నుంచి ఒక ముసలామె గొంతు వినిపించింది.

"ఉబాల్దో! నేనిక్కడ దిగుతానని ఎవరు చెప్పారయ్యా నీకు?"

అందరూ నవ్వారు. మావయ్య నవ్వలేదు. అతని చేతులు స్టీరింగు మీద నుంచి రావడం లేదు.

ఏటా జరిగే తనిఖీకి అప్పటికి పన్నెండు రోజులుంది. బ్రేకులు పట్టకపోతే రూటు పర్మిట్టు తీసేస్తారు. తీసేసిన పర్మిట్టు వరసలో ఉన్న ఇంకొకడికి పోతుంది, తిరిగి రాదు. వరసలో తొమ్మిది మంది ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు మా ఇంటి ముందు నుంచి వెళ్తూ బండి ఎలా ఉందని ప్రేమగా అడగడం కూడా మొదలుపెట్టారు.

సీలు ఎక్కడ దొరుకుతుందని ఎవరినడిగినా ఒకటే మాట. ఎదెల్మీరాని అడుగు.

"ఇంకెవర్నైనా అడుగు యోస్నియెల్," అన్నాడు మావయ్య, తుడిచిన స్పానరునే మళ్ళీ తుడుస్తూ.

"ఇంకెవరున్నారు మావయ్యా?"

"ఎవరో ఒకరుంటారు."

"పోనీ నువ్వెళ్ళు. కలిసి పనిచేశారుగా."

"కలిసి పనిచేశాం కాబట్టే వెళ్ళలేను." స్పానరు కింద పెట్టాడు. "నువ్వెళ్ళు. నా పేరు మాత్రం ఎత్తకు."

ఆమె ఇల్లు రైలు పట్టాల పక్కన. వెళ్ళేసరికి వరండాలో కర్రపెండలం పిండి ముద్ద చేసి, చేగోడీల్లాంటి చిన్న చిన్న చుట్టలు చుడుతోంది. ఉద్యోగం పోయినప్పటి నుంచీ ఆమె బతుకు ఆ చుట్టలే. కాల్చి, దారానికి గుచ్చి, గుర్రబ్బండ్ల స్టాండులో అమ్ముతుంది. అరవై ఏడేళ్ళు. కళ్ళద్దాల కాడ విరిగితే రాగితీగతో కట్టుకుంది.

"అమ్మా, ఒక సీలు కావాలి," అన్నాను.

"అమ్మా ఏంటి, నేనేమన్నా నిన్ను కన్నానా? పిన్నీ అను చాలు. ఏ బండి?"

"యాభై ఒకటి ట్రక్కు పిన్నీ. వెనక హబ్బు, ఎడమవైపు."

"పాత సీలేదీ?"

"పారేశాను."

ఆమె పిండి చేతుల్ని గాల్లోనే ఆపింది. "పారేశావా! పన్ను నొప్పని డాక్టరు దగ్గరికెళ్ళి, పన్ను ఇంట్లో మర్చిపోయానంటావా? వెళ్ళి తీసుకురా. కడక్కు. గుడ్డతో తుడు, అంతే."

"చెత్తలో వేశాను పిన్నీ."

"మంచిదేగా, ఎక్కడుందో తెలుసన్నమాట."

గంటన్నర చెత్తకుప్పలో వెతికి, తోలుదీ రబ్బరుదీ రెండూ పట్టుకెళ్ళాను. ఆమె చేతులు కడుక్కుని, వాటిని ఎండలోకి తిప్పి, అంచు పొడుగునా బొటనవేలి గోరు నడిపించింది. ఎవరో రాసిన ఉత్తరం చదువుతున్నట్టుంది.

"దీన్ని సుత్తితో కొట్టావు."

"కొంచెం."

"కొంచెం కాదు, కసిగా కొట్టావు. ఇక్కడ వంగింది చూడు. చెక్కముక్క అడ్డం పెట్టి, చుట్టూ తిప్పుతూ కొట్టాలి. సీలు ఏం తప్పు చేసిందని? సరే, లోపలి గొట్టం మీద గోరు పెట్టి చూశావా? గాడి పడిందా?"

"గోరు దిగేంత పడింది."

"అయితే సీలొక్కటీ చాలదు. గొట్టానికి తొడుగు కూడా కావాలి." నా వైపు తలెత్తి ఓ నిమిషం చూసింది. "ఉబాల్దో మేనల్లుడివి కదూ?"

"నేను పేరు చెప్పలేదే!"

"పేరెందుకు, ఆ చెవులు ఇంకెవరికున్నాయి బయామోలో? గాలి బాగా వీస్తే మీ ఇద్దరూ కూర్చున్న బండికి డీజిలు అక్కర్లేదు." వేడి చుట్ట ఒకటి నా చేతిలో పెట్టింది. "తిను. చెవులు నువ్వేరుకున్నవి కాదుగా."

ఆమె దగ్గర సామాను ఏమీ ఉండదు. ఒక్క బోల్టు కూడా ఉండదు. ఉన్నదంతా తలలోనే. ఏ ట్రాక్టరు సీలు ఏ ట్రక్కు హబ్బుకి ఎంత తేడాలో సరిపోతుంది, ఏ పంపు బేరింగు ఏ గేరుబాక్సులోకి దూరుతుంది, మూతపడ్డ ఏ చక్కెర మిల్లులో ఎవరి మంచం కింద ఏ పెట్టె ఉంది, అన్నీ చెప్పగలదు. ఆమె తర్వాత స్టోరులోకి వచ్చినవాడికి ఏదీ తెలియక, రెండో వారమే సిగ్గు విడిచి ఆమె ఇంటికొచ్చి అడిగాడట. చెప్పింది. చేతులెత్తిన వాళ్ళలోనూ చాలామంది ఒక్కొక్కరే వచ్చారు. వాళ్ళకీ చెప్పింది. ఎందుకు చెప్పావు పిన్నీ అని తర్వాత అడిగితే విసుక్కుంది. "చెయ్యెత్తింది ట్రక్కు కాదుగా! దాని మీద పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళుంటారు."

ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదు. ఆమె షరతులు రెండే. పాత సామాను తెచ్చి చూపించాలి. రేపు ఆమె పేరు చెప్పి ఎవరైనా నీ తలుపు తడితే, నీ దగ్గరున్నది లేదనకూడదు.

నన్ను వెగీతాస్ దగ్గర వరి పొలాల్లో ట్రాక్టరు నడిపే నొలాస్కో దగ్గరికి పంపింది. సైకిలు మీద రెండు గంటలు. అతను ముందు నన్ను చూసి, సీలా, ఏ సీలు, నా దగ్గరేముంది అన్నాడు. ఆమె పేరు చెప్పాను.

"ఆ మాట ముందు చెప్పొద్దూ! ఎండలో నిలబెట్టి నాచేత అబద్ధాలాడించావు."

కోళ్ళగూడులోకి తల దూర్చి, పొదిగే కోడి చేత తిట్లు తిని, పాలపొడి డబ్బా ఒకటి బయటికి తీశాడు. లోపల ప్లాస్టిక్కులో చుట్టిన సీళ్ళు మూడు, రష్యా ట్రాక్టరువి. ఒకటి ఇచ్చాడు. బదులుగా ఏమివ్వాలన్నాను. గీసాలో ఉండే వాళ్ళమ్మకి కంటి వైద్యం జరుగుతోందట. ఎప్పుడైనా బయామో వస్తే ముందు సీట్లో కూర్చోబెట్టమన్నాడు, వెనక బల్ల మీద కుదుపులకి ఆమె కుట్లు ఊడతాయని.

ఆ సీలు మా హబ్బుకి చుట్టూ కొంచెం వదులు. దాని బయట ఒక రింగు, గొట్టం మీద గాడి కప్పడానికి ఒక తొడుగు కావాలి. వాటి కోసం, ఇనుముని తిప్పి చెక్కే లేతు మిషనున్న ఎవెలియో దగ్గరికి పంపింది. మూతపడ్డ మిల్లు వెనక షెడ్డులో ఉంటాడు. పొలాలకి నీళ్ళు పెట్టే పాత గొట్టం ముక్క నుంచి రింగు తీశాడు, పాడైపోయిన పంపు సిలిండరు నుంచి తొడుగు. రోజున్నర పట్టింది. నేను అమ్మ వండిన పంది మాంసం, అన్నం పట్టుకెళ్తే సగం తిని సగం తిరిగిచ్చాడు.

"ఈ మిషను పళ్ళచక్రం ఒకటి విరిగి మూడు నెలలు చేతులు ముడుచుక్కూర్చున్నాను," అన్నాడు. "నాలుగు జిల్లాల్లో లేదన్నారు. ఆమె చుట్టలు చుడుతూ చుడుతూ, హోల్గిన్‌లో ఫలానావాడి గొడ్లపాకలో ఉందంది. ఉంది. నీ అన్నం నీకెందుకురా తిరిగిచ్చానూ? అంతా నేనే తింటే ఆమె బాకీ తీరిపోయినట్టు నాకు అనిపిస్తుంది. తీరకూడదు."

ఈసారి చెక్కముక్క అడ్డం పెట్టి, చుట్టూ తిప్పుతూ సీలు దించాను. తడిసిన లైనర్లు తీసేసి వేరేవి రివిట్లు కొట్టాం. మావయ్య చక్రం తిప్పి చూసి, నా వీపు తట్టాడు. రెండు రోజులు బండి తిప్పాం. రెండో రోజు సాయంత్రం టైరు లోపలి వైపు చెయ్యి పెట్టాను. వేళ్ళు నల్లగా మెరిశాయి.

తనిఖీకి నాలుగు రోజులుంది.

ఇక్కడ నేను చేసిన పని రాయకుండా దాటెయ్యొచ్చు. కానీ ఆమె ఎలాంటి మనిషో అందులోనే ఉంది. మర్నాడు పొద్దున్నే సైకిలు వరండాకి గుద్దినంత పని చేసి దిగాను. చుట్టలు కొనడానికొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు అక్కడే ఉన్నారు. వాళ్ళ ముందే అరిచాను.

"పాడైన సీలని తెలిసే ఇప్పించావు! మా మావయ్య మీద కోపం మా బండి మీద తీర్చుకున్నావు. పర్మిట్టు పోతే చూడాలనే కదా!"

ఆ ఆడవాళ్ళు చుట్టలు తీసుకోకుండానే జారుకున్నారు. ఒక్క క్షణం ఎదెల్మీరా చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళి, అక్కడ పెన్సిలు లేక దిగిపోయింది. ఆ షెడ్డులో మేనేజరు కాగితం చదివినప్పుడు ఇలాగే నిలబడి ఉంటుందని నాకప్పుడే తట్టింది. అయినా నోరు మూతపడలేదు. ఇంకా ఏదో అన్నాను.

నేను ఆగేదాకా ఆగి అడిగింది. "సీలు తెచ్చావా?"

తెచ్చాను. అంత కోపంలోనూ గుడ్డతో తుడిచే తెచ్చాను.

అందుకుని అంచు చూసింది. గోరు నడిపించింది. రెండోసారి నడిపించింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"దీనికేం కాలేదు. అరగలేదు, చిరగలేదు, వంగలేదు. ఈసారి బాగా కొట్టావు." కుర్చీలో కూర్చుంది. "మంచి సీలు పక్క నుంచి నూనె వస్తోందంటే, కారడం కాదది. లోపల్నుంచి ఏదో తోస్తోంది. యోస్నియెల్, యాక్సిల్‌లో నూనె పోసే మూత విప్పినప్పుడు బుస్సుమందా?"

ఆలోచించాను. అంది. విప్పిన ప్రతిసారీ, సోడా సీసా మూత తీసినట్టు బుస్సుమనేది. బండి వేడిగా ఉంది కదా అనుకునేవాణ్ణి.

"అంది," అన్నాను.

"ముందే చెప్పలేదేం?"

"నువ్వడగలేదు."

"అది నిజమే. నేనడగలేదు. అది నా తప్పు." లేచి తల మీద గుడ్డ కట్టుకుంది. "పద. నీ సైకిలు వద్దు, నా నడుం నాకు కావాలి. రిక్షా పిలు."

రిక్షా మా వాకిట్లో ఆగేసరికి మావయ్య బండి పక్కన స్టూలు మీద ఉన్నాడు. ఆమెని చూసి లేచాడు. చేతిలోని గుడ్డ జారిపోయింది. ఇరవై రెండేళ్ళు ఒకే ఊళ్ళో ఉండి, ఎదురుపడకుండా వీధులు మార్చి బతికిన మనిషి.

"ఉబాల్దో," అంది ఆమె.

"ఎదెల్మీరా. నువ్వు... కాఫీ తాగుతావా?"

"తర్వాత. దీనికి తారు ఎన్నేళ్ళుగా పూస్తున్నారు?"

తనిఖీకి ముందు ఇక్కడ ప్రతి బండికీ పొట్ట కింద తారు పూస్తారు. పెట్రోలులో తారు కలిపి, చీపురు కుంచెతో ఛాసిస్, యాక్సిల్, స్ప్రింగు పట్టీలు అన్నీ నల్లగా నిగనిగలాడేలా పూస్తారు. తుప్పు కనబడదు, కారేదీ కనబడదు. చూసేవాడికి ముసలి బండి కూడా ముచ్చటగా ఉంటుంది. మా బండికి పూసేది నేనే. ఎక్కడా ఇనుము కనబడకూడదని రెండు పూతలు వేస్తాను. వీధిలో అందరి కంటే నున్నగా పూస్తానని పేరు కూడా తెచ్చుకున్నాను.

"పదకొండేళ్ళు," అన్నాడు మావయ్య.

"ఊఁ," అంది ఆమె. అరవై ఏడేళ్ళ మనిషి, గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరింది. నేను పక్కన దూరాను. యాక్సిల్ పైభాగాన, పైనుంచి చూస్తే స్ప్రింగు చాటు, కింది నుంచి చూస్తే గొట్టం చాటు, అక్కడ వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళింది. ఒకచోట ఆగింది.

"ఇక్కడ చెయ్యి పెట్టు."

తారు గడ్డ ఒకటి చేతికి తగిలింది. ఉలవగింజకి బెల్లంపాకం పట్టించినట్టు నున్నగా, గుండ్రంగా ఉంది.

"బ్రీదరు," అంది. "యాక్సిల్‌కి ముక్కు. లోపల నూనె వేడెక్కితే గాలి పెరుగుతుంది, దీన్లోంచి పోవాలి. మీరు పదకొండేళ్ళుగా దాని ముక్కు మూస్తున్నారు. ముక్కు మూస్తే అది సీళ్ళ పక్కనుంచి ఊపిరి వదుల్తోంది. పాపం, ఎడమవైపు గాడి ఉందిగా, అక్కడ సులువు."

జుట్టులోంచి పిన్ను తీసి గీకడం మొదలుపెట్టింది. పెళుసుబారిన తారు పెచ్చులు పెచ్చులుగా ముఖాన పడుతోంది. చివరికి ఇత్తడి రంగు కనిపించింది. చిన్న మూత, గోరంత. పిన్ను మొన దాని కింద గుచ్చి తిప్పింది. లోపల్నుంచి సన్నగా, చాలాసేపు, గాలి బయటికొచ్చింది. రాత్రి నేను సీలు తీసిన చోట పాత తోలుదే పెట్టి, పొద్దున మావయ్య బండి ఒక ట్రిప్పు తిప్పాడు కాబట్టి ఇంకా వేడి దిగలేదు.

నేను అలాగే పడుకుని వింటున్నాను. ఏ కొండ మలుపులోనో నలభై మందితో లోయలోకి పోవాల్సిన బండి. దాని ముక్కు నా చేతులతో, నా కుంచెతో, మెరుగు చూసుకుని మరీ మూశాను.

బయట మావయ్య కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి. అవి మా దగ్గరికొచ్చి ఆగాయి. మోకాళ్ళు వంగాయి. ముఖం కిందికి వచ్చింది, తలకిందులుగా, ఎర్రగా.

"ఎదెల్మీరా," అన్నాడు. "ఆ రోజు షెడ్డులో..."

"పన్నెండో నంబరు స్పానరు ఇలా ఇయ్యి," అంది ఆమె.

ఇచ్చాడు. బ్రీదరు ఊడదీసి అతని చేతిలోనే పెట్టింది. "డీజిల్లో నానబెట్టు. మెత్తటి తీగతో పొడువు. సుత్తి దగ్గరికి మాత్రం మీ అల్లుణ్ణి రానీకు."

ఆ మధ్యాహ్నం మావయ్య ఆ గోరంత మూతని కడిగినంతసేపు నేను ఏ మనిషీ దేన్నీ కడగడం చూడలేదు. ఆమె అరుగు మీద కూర్చుని కాఫీ తాగింది. అమ్మ ఇంకో కప్పు పోసింది. నేను ఎదురుగా నిలబడి, పొద్దున ఆ ఆడవాళ్ళ ముందు అన్న మాటలన్నీ తప్పని చెప్పాను.

"నేనిక్కడున్నానని నాతో చెప్తే ఏం లాభం?" అంది. "విన్నవాళ్ళతో చెప్పు. ఒకామె పేరు ఒనెలియా, మాంసం కొట్టు వెనక ఇల్లు. రెండో ఆమె ఆమె తోడికోడలు."

వెళ్ళాను. ఇద్దరి ఇళ్ళకీ వెళ్ళి, నిన్నటి దాకా ముఖం తెలియని ఆడవాళ్ళ ముందు నిలబడి, ఎదెల్మీరా ఏ తప్పూ చెయ్యలేదు, బండి ముక్కు మూసింది నేను అని చెప్పాను. తోడికోడలికి ఒక్క ముక్క అర్థం కాలేదు. "బండికి ముక్కేంట్రా?" అంది. మొదట్నుంచీ అంతా చెప్పాల్సి వచ్చింది. నేను పుస్తకాలు పట్టుకుని న్యాయం గురించి రాత్రుళ్ళు చదివినవాణ్ణి. న్యాయానికి ఇలా ఇంటింటికీ సైకిలు తొక్కాలని ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

లైనర్లు మళ్ళీ విప్పి కడిగాం, నొలాస్కో ఇచ్చిన సీలునే తిరిగి పెట్టాం. రెండు రోజులు గీసా ఎక్కి దిగాం. టైరు పొడిగా ఉంది.

తనిఖీ రోజున సున్నం గీత దగ్గర మావయ్య బ్రేకు తొక్కాడు. నాలుగు వైపులా చక్రాలు ఒక్కసారే పట్టాయి, బండి గీతకి తిన్నగా నిలబడింది. తనిఖీ చేసే ఆయన కిందికి వంగి డ్రమ్ము లోపలి అంచున వేలు పెట్టి, వేలు చూసుకున్నాడు. దుమ్ము తప్ప ఏమీ లేదు. పొట్ట వైపు చూసి, "ఈసారి తారు పూయలేదేం?" అన్నాడు. "ముక్కాడదండీ," అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, ముద్ర మాత్రం వేశాడు.

ఆ తర్వాత నేను ప్రతి శనివారం ఆమె దగ్గరికి వెళ్ళేవాణ్ణి. సామాను గురించి ఆమె చెప్పేవి ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. నాకు తెలిసిన పాఠాల్లో ఏ బడీ చెప్పనివి అవే. ఆమె పేరు చెప్పి మా తలుపు తట్టినవాళ్ళు ఈ రెండేళ్ళలో ఏడుగురు. నొలాస్కో వాళ్ళమ్మ కుట్లు ఊడలేదు. ఆమెకిప్పుడు చూపు బాగా ఆనుతోంది, మావయ్య నడపడంలో తప్పులు పడుతుంది.

మావయ్య మాత్రం ఆమె ఇంటికి వెళ్ళలేదు. శనివారం నేను బయల్దేరేటప్పుడు ఒక మామిడిపళ్ళ సంచీయో, కాఫీ గింజల పొట్లమో తెచ్చి సైకిలుకి తగిలిస్తాడు. ఎవరిచ్చారని చెప్పాలని అడిగితే, చెట్టు ఇచ్చిందని చెప్పు అంటాడు. నాకు ఒళ్ళు మండేది. ఒక మాట. ఒక్క మాట చెప్పడానికి ఇంకెన్నాళ్ళు? ఒకసారి ఆమెతోనే అన్నాను, నువ్వైనా ఆ రోజు బండి కింద అతన్ని చెప్పనివ్వాల్సింది అని.

"బండి కింద పడుకున్నదాన్ని," అంది. "ముఖం నిండా తారు. మనిషి అలాంటి మాట చెప్పేటప్పుడు ఎదుటివాళ్ళు కూర్చుని ఉండాలి. నేను ముఖం కడుక్కుని ఉండాలి."

పోయిన మార్చిలో ఆమె నికెరో వెళ్ళిపోయింది, సముద్రం ఒడ్డున చెల్లెలి దగ్గరికి. మోకాళ్ళు నొప్పులు, ఒంటరిగా ఇక లాభం లేదంది. సామాను మేమే దించి వస్తామంటే ఒప్పుకోలేదు. మా రూటు అటు కాదు, జనం గీసాలో ఎదురుచూస్తూ ఉంటారంది. వేరే ట్రక్కులో రెండు పెట్టెలు, ఒక కుర్చీ ఎక్కించాను. మావయ్య పంపిన కాఫీ పొట్లం ఇచ్చాను. ఆమె దాన్ని వాసన చూసి ఒళ్ళో పెట్టుకుంది. నేను థాంక్స్ చెప్పబోతే, అవన్నీ ఎప్పుడో అయిపోయాయి అన్నట్టు చెయ్యి ఊపింది. బండి కదిలే ముందు పక్క తలుపు మీద వంగి నాతో అంది.

"మీ మావయ్యతో చెప్పు. నికెరోకి నాలుగు గంటలు పడుతుంది. దారంతా పల్లం. బ్రేకులిప్పుడు బాగానే పడుతున్నాయిగా, రమ్మను."